హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఎన్ని గంటలు? విమాన దూరాన్నీ సమయాన్నీ ఇంట్లోనే లెక్కకట్టే పద్ధతి

"టీచరు గారూ, హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది?" పిల్లల దగ్గరికి బయలుదేరే ముందు విజయవాడలోని మా పటమట వీధిలో పెద్దవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది. చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పాను కాబట్టి దూరాలన్నీ నాకు నోటికి వచ్చి ఉంటాయని వాళ్ల నమ్మకం. నేను వెంటనే సంఖ్య చెప్పను. ముందు ఒక మాట అడుగుతాను: మీకు ఏ గంటలు కావాలి? విమానం కదిలి ఆగేదాకా పట్టే గంటలా? మధ్యలో ఆగడంతో కలిపి టికెట్ మీద కనిపించే గంటలా? ఇక్కడ తలుపుకు తాళం వేసినప్పటి నుంచి అక్కడ కొడుకు ఇంట్లో కాలు పెట్టేదాకా పట్టే గంటలా? ఈ మూడూ వేర్వేరు. ఒకటి కావలసిన చోట మరొకటి పట్టుకుని లెక్క వేస్తే మందుల వేళ తప్పుతుంది, మధ్యలో మారవలసిన విమానం తప్పుతుంది, తీసుకెళ్లడానికి రావలసిన మనిషి తప్పు రోజున వచ్చి నిలబడతాడు.

ఈ లెక్కలకు పదో తరగతి గణితం చాలు. ఒక కాగితం, ఫోనులోని కాలిక్యులేటర్, వీలుంటే పిల్లల గ్లోబు దగ్గర పెట్టుకోండి.

ఊరు కాదు, విమానాశ్రయం

మొదట విమానాశ్రయం సరిగ్గా ఏది అన్నది తేల్చుకోవాలి. హైదరాబాద్ అంటే ఇప్పుడు శంషాబాద్. 2008 మార్చిలో అది మొదలయ్యేదాకా బేగంపేట నుంచి ఎగిరేవాళ్లం. ఆ రెండింటి మధ్యే నేరుగా 24 కిలోమీటర్ల దూరం ఉంది. డాలస్‌లో ప్రయాణికుల విమానాశ్రయాలు రెండు: అంతర్జాతీయ విమానాలు దిగే డాలస్ ఫోర్ట్‌వర్త్, ఊరికి దగ్గరగా ఉన్న లవ్ ఫీల్డ్. న్యూయార్క్ అన్నారంటే కెనెడీ కావచ్చు, లగార్డియా కావచ్చు, నది దాటి పక్క రాష్ట్రంలో ఉన్న నెవార్క్ కావచ్చు. టికెట్ మీద మూడు అక్షరాల సంకేతం ఉంటుంది. శంషాబాద్‌కు హెచ్‌వైడి, విశాఖకు వీటీజెడ్, గన్నవరానికి వీజీఏ, డాలస్ ఫోర్ట్‌వర్త్‌కు డీఎఫ్‌డబ్ల్యూ. ఊరి పేరును కాదు, ఆ మూడక్షరాలను నమ్మండి.

తర్వాత ఆ రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. ఫోనులోని మ్యాప్‌లో రన్‌వే మీద వేలు కాసేపు నొక్కి పెడితే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. అమెరికా వైపు రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు ఉంటుంది, అంటే పశ్చిమం. నేను తరచూ వాడేవి ఇవి:

శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు
విశాఖపట్నం: 17.72 ఉత్తరం, 83.22 తూర్పు
ఢిల్లీ: 28.56 ఉత్తరం, 77.10 తూర్పు
దుబాయ్: 25.25 ఉత్తరం, 55.36 తూర్పు
డాలస్ ఫోర్ట్‌వర్త్: 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం

దగ్గరి ఊళ్లకు పైథాగరస్ చాలు

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా దాదాపు 111 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. 111ని ఆ అక్షాంశం కొసైన్‌తో గుణిస్తే అక్కడి విలువ వస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య భాగంలో అది సుమారు 106 కిలోమీటర్లు. నా విద్యార్థులకు ఈ రెండు సంఖ్యలనూ, 111నీ 106నీ, కంఠతా పట్టించేదాన్ని. మ్యాపు లేకపోయినా వీటితో తిరుపతి నుంచి శ్రీకాకుళం దాకా ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం చెప్పవచ్చు.

శంషాబాద్ నుంచి విశాఖ తీసుకుందాం. అక్షాంశాల తేడా 0.48 డిగ్రీలు, దాన్ని 111తో గుణిస్తే 53. రేఖాంశాల తేడా 4.79 డిగ్రీలు, దాన్ని 106తో గుణిస్తే 508. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 511 కిలోమీటర్లు. అదే విమాన దూరం. రోడ్డు మీద అయితే విజయవాడ మీదుగా చుట్టి ఆరు వందలు దాటుతుంది.

ఢిల్లీకి కూడా ఇదే పద్ధతి. అక్షాంశాల తేడా 11.32 డిగ్రీలు, అంటే 1,257 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.33 డిగ్రీలు. ఇక్కడ 106 వాడకూడదు, ఎందుకంటే రెండు ఊళ్ల నడిమి అక్షాంశం 23 దాకా వెళ్తుంది, అక్కడ ఒక డిగ్రీ 102 కిలోమీటర్లే. కాబట్టి అది 136. మొత్తం మీద 1,264 కిలోమీటర్లు. హైదరాబాద్, ఢిల్లీ దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయని ఈ లెక్క చేసేటప్పుడే పిల్లలకు తెలిసేది. ఢిల్లీ మనకు వాయవ్యంగా ఎక్కడో ఉందని చాలామంది ఊహ.

ఈ పద్ధతి దేశంలోపల చక్కగా పనిచేస్తుంది. రెండు వేల కిలోమీటర్లు దాటితే మాత్రం భూమి వంపు అడ్డం వస్తుంది.

దూర దేశాలకు గ్లోబూ దారమూ

గోడ మీద ప్రపంచ పటం చూపించి హైదరాబాద్ నుంచి డాలస్‌కు గీత గీయమంటే ఎవరైనా అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా గీస్తారు. ఆ పటం గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీసి వేసింది. దాని మీద దగ్గరి దారిగా కనిపించేది నిజానికి దగ్గరి దారి కాదు.

గ్లోబు తీసుకోండి. దారం ఒక కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కి పట్టండి. రెండో కొసను డాలస్ మీదికి లాగి, దారం ఎక్కడ వదులైతే అక్కడ జారనిచ్చి బిగించండి. దారం దానంతట అదే పైకి జరుగుతుంది. మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు అయిదు వందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. తరగతిలో ఇది చూపించినప్పుడు కొందరు పిల్లలు దారాన్ని వేలితో కిందికి నెట్టి చూసేవారు. నెట్టిన ప్రతిసారీ దారం చాలకుండా పోయేది, ఇంకాస్త వదలవలసి వచ్చేది. దగ్గరి దారి ఏదో అప్పుడు వాళ్ల వేళ్లకే తెలిసేది. భూగోళాన్ని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తంలో ఒక ముక్క అది. విమాన దూరం అని ఎక్కడ రాసినా కొలిచేది దాని వెంబడే.

ఇక ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. గ్లోబు అడ్డుకొలత 30 సెంటీమీటర్లయితే చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే ఒక సెంటీమీటరు దారం 425 కిలోమీటర్లు. హైదరాబాద్ డాలస్ మధ్య దారం 34 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. గుణిస్తే 14,450. కాలిక్యులేటర్‌తో కచ్చితంగా కడితే వచ్చేది సుమారు 14,420. దారంతో ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ సంతోషమే.

ఈ జంట ఊళ్లకు ఇంకో సులువు ఉంది. మన రేఖాంశం 78.43 తూర్పు, వాళ్లది 97.04 పశ్చిమం, రెండూ కలిపితే 175 డిగ్రీలకు పైన. అంటే దాదాపు భూమికి అటు వైపు. అలాంటప్పుడు ఇక్కడి నుంచి ధ్రువానికి ఎన్ని డిగ్రీలో, ధ్రువం నుంచి అక్కడికి ఎన్ని డిగ్రీలో కూడితే చాలు. 90లోంచి 17.24 తీసేస్తే 72.76. 90లోంచి 32.90 తీసేస్తే 57.10. మొత్తం 129.86 డిగ్రీలు, 111.2తో గుణిస్తే 14,440. నోటిలెక్కకు ఇంతకంటే ఏం కావాలి?

మిగతా ఊళ్లకు సైంటిఫిక్ కాలిక్యులేటర్ కావాలి. ఫోనును అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో అది వస్తుంది. డిగ్రీల పద్ధతిలో ఉందో లేదో ముందు చూసుకోండి. రెండు అక్షాంశాల సైన్లు గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్లు గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించండి. రెండింటినీ కూడండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే డిగ్రీలు వస్తాయి, 111.2తో గుణిస్తే కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి మొదటి భాగం 0.126, రెండో భాగం 0.795, కూడితే 0.921. విలోమ కొసైన్ 22.9 డిగ్రీలు. అంటే సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డాలస్‌కు ఇదే విధంగా చేస్తే సుమారు 12,900 వస్తుంది. రెండు మజిలీలూ కలిపితే 15,450. నేరుగా వెళ్లే దారి కంటే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే ఎక్కువ. "దుబాయ్ అంటే బాగా చుట్టుదారి కదా" అని బెంగపడేవాళ్లకు నేను ఈ సంఖ్యే చూపిస్తాను. అలసట వచ్చేది చుట్టుదారి వల్ల కాదు, మధ్యలో దిగి ఆగవలసి రావడం వల్ల.

లెక్క చేయడం ఇష్టం లేనివారికి కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి కుడి మీట నొక్కితే దూరం కొలిచే సదుపాయం ఉంది. అది కూడా భూమి వంపును లెక్కలోకి తీసుకునే కొలుస్తుంది. కానీ ఒక్కసారైనా చేత్తో చేసి చూడండి. ఆ తర్వాత ఎవరు ఏ సంఖ్య చెప్పినా అది నమ్మదగిందో కాదో మీకే తెలుస్తుంది.

పిల్లలు రెండు ప్రశ్నలు తప్పక వేసేవారు. విమానం అంత ఎత్తున వెళ్తుంది కదా, దూరం పెరగదా? పెరుగుతుంది, చాలా కొద్దిగా. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు, విమానం ఎత్తు సుమారు 11. డాలస్ దాకా వెళ్లినా తేడా 25 కిలోమీటర్లే. రెండోది: భూమి తిరుగుతోంది కదా, గాలిలో ఊరికే నిలబడితే అమెరికా తనంతట తానే కిందికి రాదా? రాదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతోంది, ఆ గాలితో పాటు విమానమూ తిరుగుతోంది. ఈ రెండో ప్రశ్న పెద్దవాళ్లలోనూ చాలామంది మనసులో ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు.

కిలోమీటర్ల నుంచి గంటలకు

దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి విమానాలు పైకి చేరాక గంటకు 830 నుంచి 850 కిలోమీటర్ల వేగంతో వెళ్తాయి. సముద్రాలు దాటే బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ 350 వంటివి 900 దాకా వెళ్తాయి. రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ విమానం 500. అయితే విమానం మొదటి నుంచి చివరి దాకా ఆ వేగంతో పోదు. రన్‌వే దాకా నెమ్మదిగా పాకాలి, ముందున్న విమానాలు ఎగిరేదాకా ఆగాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నిదానించాలి, దిగాక గేటు దాకా పోవాలి. వీటన్నిటికీ కలిపి 40 నిమిషాలు వేసుకోండి.

కాబట్టి సూత్రం ఇది: దూరాన్ని వేగంతో భాగించి, 40 నిమిషాలు కలపండి. విశాఖకు 511ను 850తో భాగిస్తే 36 నిమిషాలు, 40 కలిపితే గంటా పదహారు నిమిషాలు. ఢిల్లీకి గంటా 29 నిమిషాలు, 40 కలిపితే రెండు గంటల తొమ్మిది నిమిషాలు. టికెట్ల మీద ఉండే సమయాలు వీటికి అయిదు పది నిమిషాలు అటూ ఇటూగా ఉంటాయి. గన్నవరం నుంచి శంషాబాద్ నేరుగా 264 కిలోమీటర్లు. ఏటీఆర్ అయితే గాలిలో అరగంట, నేల మీద పని ఇంకో అరగంట, మొత్తం గంట. చిన్న విమానాలకు 40 బదులు 30 సరిపోతుంది.

టికెట్ మీద చూపేది విమానం గేటు వదిలినప్పటి నుంచి మరో గేటుకు చేరేదాకా పట్టే సమయం. గాలిలో ఉండేది అందులో ఒక భాగమే. విమాన సంస్థలు రద్దీ కోసం అందులో కాస్త ఎక్కువే వేసుకుంటాయి. "అరగంట ఆలస్యంగా బయలుదేరాం, అయినా వేళకే దిగాం" అని ఎవరైనా ఆశ్చర్యపోతే కారణం చాలాసార్లు అదే.

గాలి చేసే పని

దుబాయ్‌కి సూత్రం ప్రకారం మూడు గంటల 40 నిమిషాలు రావాలి. వెళ్లేటప్పుడు టికెట్ మీద దాదాపు నాలుగు గంటలు చూస్తారు, వచ్చేటప్పుడు మూడున్నర చూస్తారు. దూరం ఒకటే, విమానం ఒకటే. ఉష్ణమండలం దాటి ఉత్తరంగా, విమానాలు ఎగిరే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహాలు ఉంటాయి. వీటిని జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో ఇవి గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటడం మామూలే. ఆ రోజుల్లో ఒక పాయ ఉత్తర భారతం మీదుగానే పోతుంది. పడమటికి వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, తూర్పుకు వచ్చే విమానానికి వెనుక నుంచి తోసే గాలి. దుబాయ్ నుంచి డాలస్‌కు పదహారు గంటలు పట్టే విమానం తిరుగు దారిలో పద్నాలుగున్నరకే వచ్చేస్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఈ తేడా పెద్దగా ఉండదు, దారి ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి.

దూరం ఎక్కువైతే సమయం కూడా ఎక్కువే అవుతుందనుకునేవాళ్లకు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం కథ చెప్పాలి. ఎయిర్ ఇండియా ఆ విమానాన్ని 2015 డిసెంబర్‌లో మొదలుపెట్టింది, అప్పట్లో అట్లాంటిక్ మీదుగా పడమటి దారిలో నడిపింది. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. కొత్త దారి 15,000 కిలోమీటర్లకు పైమాటే, పాతదానికంటే వెయ్యికి పైగా కిలోమీటర్లు ఎక్కువ. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, పాత దారికంటే ముందుగా. జెట్ స్ట్రీమ్ వెనుక నుంచి తోసింది. ఈ ఉదాహరణను నేను తరగతిలో చెప్పినప్పుడు నమ్మని పిల్లలు పటం తెచ్చుకుని మరీ చూసేవారు.

గాలి ఒక్కటే కాదు, కింద ఉన్న దేశాలు కూడా దారిని మారుస్తాయి. 2022 నుంచి రష్యా గగనతలం అమెరికా, యూరప్ సంస్థలకు మూసి ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసింది. అలాంటప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం వైపు దిగి చుట్టి వెళ్లవలసి వస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఇంధనం నింపుకోవలసి వస్తుంది. అందుకే దూరం లెక్క మీరు కట్టినా, సమయానికి మాత్రం ఈ వారం ఆ విమానం నిజంగా ఎంతసేపు ఎగిరిందో చూడండి. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి వాటిలో విమానం నంబరు కొడితే గడచిన కొన్ని రోజుల వివరాలు వస్తాయి. నాలుగైదు రోజుల సగటు తీసుకోండి. అంతకంటే నమ్మకమైన అంచనా ఇంకోటి లేదు.

మన ఊరి నుంచి నేరుగా అమెరికాకు విమానం లేదా అని అడుగుతారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా నడిపింది, సుమారు 13,300 కిలోమీటర్లు. తర్వాత అది ఆగిపోయింది. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి అటువంటి విమానం ఎంత మేలో చెప్పలేను. మధ్యలో తెలియని దేశంలో గేటు వెతుక్కునే పని ఉండదు.

టికెట్ మీద రెండు గడియారాలు

ఎక్కువ తికమక ఇక్కడే. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. నేరుగా తీసివేస్తే తప్పు వస్తుంది.

మన దేశ సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా సముద్రంలోకి దిగుతుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. ఎందుకంటే వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మన గడియారం ఏడాది పొడవునా ఒకటే.

ఒక ఉదాహరణ వేద్దాం. వేసవిలో మంగళవారం రాత్రి 10:00కు శంషాబాద్‌లో బయలుదేరి, దుబాయ్‌లో మారి, బుధవారం ఉదయం 9:30కు డాలస్ చేరే టికెట్. గడియారాల తేడా పదకొండున్నర గంటలు. పడమటికి వెళ్తున్నాం కాబట్టి పదిన్నర కలపాలి. మొత్తం 22 గంటలు. అందులో మొదటి మజిలీ నాలుగు గంటలకు కాస్త తక్కువ, రెండోది పదహారుకు కాస్త తక్కువ, మిగిలిన రెండు గంటల పైచిలుకు దుబాయ్‌లో.

తిరుగు ప్రయాణంలో తీసేయాలి. సోమవారం మధ్యాహ్నం 12:00కు డాలస్‌లో ఎక్కి బుధవారం తెల్లవారుజాము 3:00కు శంషాబాద్‌లో దిగే టికెట్ అనుకోండి. గడియారాల ప్రకారం 39 గంటలు. పదిన్నర తీసేస్తే 28½. ఎగిరేది పద్నాలుగున్నర, మూడున్నర, కలిపి 18 గంటలే. అంటే మిగిలిన పదిన్నర గంటలు దుబాయ్‌లో కూర్చోవాలి. ధర తక్కువగా ఉందని పిల్లలు తొందరపడి ఇలాంటి టికెట్ కొంటుంటారు. డెబ్బై ఏళ్ల అమ్మను పదిన్నర గంటలు కుర్చీలో కూర్చోబెడుతున్నామని ఈ తీసివేత చేస్తే తప్ప తెలియదు. దయచేసి కొనే ముందు చేయండి.

అర్ధరాత్రి విమానాల తేదీ విషయంలో ఇంకా జాగ్రత్త. 14వ తేదీ 00:30 అని ఉంటే 13వ తేదీ రాత్రి విమానాశ్రయంలో ఉండాలి. 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరితే విమానం వెళ్లిపోయి ఒక రోజు గడిచి ఉంటుంది. నేను ఇలాంటి టికెట్ చూస్తే "13 రాత్రి" అని ఎర్ర సిరాతో పైన రాసి ఇస్తాను.

మా ఎదురింటి వదిన గారు ఇన్సులిన్ తీసుకుంటారు. డాలస్ వెళ్లే ముందు ఆవిడకు ఒక పాత క్యాలెండర్ కాగితం వెనుక మూడు గడులు గీసి ఇచ్చాను. ఎడమ గడిలో మన సమయం, మధ్య గడిలో అప్పుడు ఉండే చోటి సమయం, కుడి గడిలో బయలుదేరి ఎన్ని గంటలైందో. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించమన్నాను. ఏ గంటకు ఎంత మందు, ఎప్పుడు భోజనం అన్నది డాక్టరే అందులో రాసి ఇచ్చారు. మందు సంగతి మనం నిర్ణయించకూడదు, కానీ డాక్టరుకు ఈ గంటల లెక్క మనమే ఇవ్వాలి. ఆవిడ చేతి గడియారాన్ని దారి పొడవునా మన సమయంలోనే ఉంచుకున్నారు. ఫోను మాత్రం తనంతట తానే మారిపోతుంది, కాబట్టి ఒక చేతి గడియారం తప్పక పెట్టుకోండి.

ఇంటి నుంచి ఇంటికి

విజయవాడ నుంచి శంషాబాద్ 280 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. సూర్యాపేట, నకిరేకల్, చిట్యాల దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊరి రద్దీ తగలదు. దారిలో ఒకసారి ఆగడంతో కలిపి అయిదున్నర గంటలు వేసుకోండి. సంక్రాంతి ముందు, తర్వాత పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి, ఆ రోజుల్లో ఇంకో రెండు గంటలు కలపండి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటలు ముందుండాలి, చక్రాల కుర్చీ అడిగినవాళ్లు మూడున్నర. పైన చెప్పిన 22 గంటలు. డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, ఇంటికి కారు ప్రయాణం, అన్నీ కలిపి రెండున్నర. మొత్తం 33 గంటలు పైనే. "ఇరవై రెండు గంటలే" అని పిల్లలు చెప్పిన మాటకూ అమ్మానాన్నల ఒళ్లు పడే శ్రమకూ మధ్య తేడా ఈ పదకొండు గంటలు.

దేశంలోపల ఈ లెక్క ఇంకా పనికొస్తుంది. కూకట్‌పల్లి నుంచి విశాఖకు విమానం గంటా పావు అంటారు. శంషాబాద్ చేరడానికి గంటా పావు, ముందుగా రెండు గంటలు, ఎగరడం గంటా పావు, సామానుకూ ఊళ్లోకి చేరడానికీ కలిపి గంట. దాదాపు అయిదున్నర గంటలు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్ విశాఖ వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, స్టేషన్‌కు అరగంట ముందు వెళ్తే చాలు. పగలంతా చేతిలో ఉండి, ఎక్కువ సామానుతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నేను రైలే చెబుతాను. ఢిల్లీకి మాత్రం విమానానికి సాటి లేదు. అయితే డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఢిల్లీలో దిగే విమానం కొనకండి. పొగమంచు పట్టిందంటే రెండు గంటల ప్రయాణం పూటంతా అవుతుంది. పదకొండు తర్వాత దిగేది చూసుకోండి.

మధ్యలో మారే విమానం ఉంటే రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయో లేదో చూడండి. ఒకే టికెట్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా సంస్థే ఇంకో దానిలో ఎక్కిస్తుంది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ లేదు, సామాను కూడా మళ్లీ తీసుకుని మళ్లీ అప్పగించాలి. అలా కొనక తప్పకపోతే మధ్యలో కనీసం నాలుగు గంటలు వదలండి, చలికాలం ఢిల్లీలో అయితే ఆరు.

ఇక తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల సంగతి. వాళ్లకు విమానం నంబరూ, దిగే తేదీ వాళ్ల ఊరి లెక్కలో, టెర్మినల్ పేరూ పంపండి. డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా టెర్మినల్ డి దగ్గరికి వస్తాయి. విమానం దిగగానే బయలుదేరమనండి, ముందే వచ్చి నిలబడనక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఎలాగూ గంట దాటుతుంది.